బొట్టు ఆరకముందే

మొన్న మా మేనమామ మనవడి నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది. చేవెళ్లలో వాళ్ల తాత కట్టించిన ఫంక్షన్ హాలును బాగు చేయిస్తున్నాడట, దానికి కొత్త వెబ్‌సైట్ కావాలట, ఎంతవుతుందో చెబితే అడ్వాన్స్ పంపుతాడట. బంధువుల్లో ఒకరు తమంతట తాముగా ధర అడగడం, ఈ పనిలో జుట్టు నెరిసిన నాబోటివాడికి ఎంత వింతో మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. సంతోషించాల్సిన మాటే, కానీ గుండె కలుక్కుమంది.

ఆ హాలుకు మొదటి వెబ్‌సైట్ చేసింది నేనే. మొయినాబాద్‌లో ఎరువుల దుకాణం మీద గది కిరాయికి తీసుకుని, వాయిదాల మీద కొన్న కంప్యూటర్ ఒకటి పెట్టుకుని, వెబ్‌సైట్లు చేసిపెడతానని బోర్డు కట్టుకున్న రోజులవి. పక్కనే అజీజ్‌నగర్‌లో డబ్బున్న ఫామ్‌హౌస్‌ల వాళ్లు సిటీలోనే చేయించుకునేవారు కనుక, నా మెట్లెక్కి వచ్చినవాళ్లంతా మనవాళ్లే, కోళ్ల ఫారానికని బావ, ప్లాట్ల అమ్మకానికని చిన్నాన్న. పని అయ్యాక ఎంత అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడిగితే వాళ్ల ముఖం చిన్నబోతుందని భయం, అడగకపోతే నా పొయ్యి వెలగదు. "మనోడే గద, ఖాళీగనే ఉన్నడు" అని బావ ఎవరితోనో అంటుంటే నా చెవులారా విన్నాను. కిరాయి నెలలకు నెలలు పేరుకుపోయి, చివరికి ఒక పొద్దున దుకాణం సేటు వచ్చి, సాయంత్రంలోగా పైసలు రాకపోతే గదికి తాళం వేసి కంప్యూటర్ తనే ఉంచుకుంటానని చెప్పి పోయాడు. అది పోతే, మునుపటిలాగే ఎవరి ఫామ్‌హౌస్‌లోనో పనికి కుదరడం తప్ప నాకు దారి లేదు.

ఆ రోజే మామకు వెబ్‌సైట్ అప్పగించాలి. అమ్మను వెంటబెట్టుకుని చేవెళ్ల బస్సెక్కి, ధర ఎలా చెప్పాలో దారి పొడవునా వల్లెవేసుకున్నాను. హాలు ఆఫీసులో అది చూసి మామ మురిసిపోయి, వచ్చిన ప్రతివాడికీ మా అక్క కొడుకు చేసిండని చూపిస్తుంటే, ఇంటికెళ్లాక చెబుదాంలే అనుకున్నాను. ఇంటికి తీసుకెళ్లాక అత్తమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, ప్యాంటూ షర్టూ బట్టలు ఒళ్లో పెట్టి, భుజాల మీద తువ్వాల కప్పింది. మనలో బట్టలు పెట్టారంటే ఇక అక్కడితో లెక్క తీరిపోయినట్టే. ఆ మర్యాద అందుకుని ధర ఎత్తడం, పెట్టిన చేతిని అవమానించడమే. నాకది తెలియక కాదు. కళ్ల ముందు తాళమే కనిపిస్తోంది, భోంచేసి కదిలేసరికి పొద్దుగూకుతుంది. బట్టలు ఒళ్లో ఉండగానే "మామా, జర పైసలియ్యాలె" అనేసి, ఎంతో కూడా చెప్పేశాను.

అత్తమ్మ చేతిలో కుంకుమ భరిణె అలాగే ఉండిపోయింది. మామ లోపలికి వెళ్లి, అడిగినంతా తెచ్చి బట్టల మీద పెట్టి, "ముందుగాల్నే చెప్తే అయిపోవు గద" అన్నాడు. తిరుగు బస్సులో అమ్మ, "బొట్టన్న ఆరనియ్యకపోతివి బిడ్డా" అంది. గది మాత్రం నిలిచింది. ఇవాళ్టికీ నేను తింటున్న అన్నం ఆ గది పెట్టిందే.

ఆ తర్వాత మామ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, మేనల్లుళ్లను వరుసగా కూర్చోబెట్టి బట్టలు పెట్టే అత్తమ్మ, నా దగ్గరికి వచ్చేసరికి డబ్బు కవరు అందించేది. కోపంతో కాదు, నాకదే ఇష్టమేమోనన్నట్టు నవ్వుతూనే ఇచ్చేది, నాకు ఏడుపొచ్చేది. నాకూ బట్టలే పెట్టమని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో, ధర అడిగిన నోటితో ఆ మాట అడగలేకపోయాను. ఇప్పుడు మామా లేడు, అత్తమ్మా లేదు.

మనవడికి రేటు పంపాను. నేనేమీ తగ్గించలేదు, అతనూ బేరమాడలేదు, టీ చల్లారకముందే అడ్వాన్స్ వచ్చి పడింది. బట్టలు కొనేదెవరు, కుట్టించుకునేదెవరు అని ఆ ఇంట్లో ఇప్పుడు అందరికీ కవర్లే ఇస్తున్నారు. ఆ వరుసలో అందరితో సమానంగా కూర్చోవాలని ఇన్నేళ్లు ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు. తీరా సమానమయ్యేసరికి, బొట్టు పెట్టే చెయ్యే లేదు.