బావ రాసిన వార్త

మా అక్క భర్త కామారెడ్డిలో బడిపంతులు. నైజాం బయటి నుంచి వచ్చే ఒక తెలుగు పత్రికకు వార్తలు రాసేవాడు. ఎవరి గురించి రాస్తే వాళ్లకే చదివి వినిపించి, "ఒక్క మాటన్న ఎక్కువ రాసిన్నా?" అని అడిగాకే టపాలో వేసేవాడు.

లింగంపేటలో వెట్టికి రానన్న ఒక కూలీ చెయ్యిని దొర మనుషులు విరగ్గొట్టారు. బావ ఆ సంగతి రాశాడు. అది అచ్చవగానే సర్కారు ఆ పత్రికను నిషేధించింది. బావను ఎల్లారెడ్డి ఠాణాకు పట్టుకుపోయారు.

"అబద్ధం రాసిన్నని దస్కతు పెట్టు, ఇంటికి పో" అన్నాడు అక్కడి పోలీసు అధికారి అమీను.

"ఇరిగిన చెయ్యి కండ్లార జూసిన సాబ్. అబద్ధమని ఎట్ల రాయాలె?" అన్నాడు బావ.

సాక్ష్యానికి కూలీని పిలిపించారు. చేతికి కట్టుతోనే వచ్చి, తల ఎత్తకుండా, "చెట్టు మీదికెల్లి పడ్డ దొరా, నన్నెవ్వలు కొట్టలే" అన్నాడు. బావకు జైలు పడింది, కొలువు పోయింది.

విడుదలై వచ్చిన నాడు నేను ఆ కూలీని తిట్టబోతే బావ ఆపాడు.

"వాన్నేమనకు. నిజం జెప్తే రెండో చెయ్యి గూడ ఇరగ్గొడ్తమన్నరట."

ఆ తర్వాత ఆయన ఒక్క వార్తా రాయలేదు. జైలుకు భయపడ్డాడని ఊరంతా అనుకుంది. ఆయన కాదనలేదు.