గోనె కప్పిన సిలిండర్

వెంకట్రాజం కాశిబుగ్గలో పదహారేళ్లు మగ్గం నేశాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నూలు దొరక్క మగ్గం ఆగింది. యుద్ధం ముగిశాక హనుమకొండలో ఒక కాలేజీ ప్రయోగశాలకు అటెండరుగా పోయాడు. మూడు నెలలు చూసి నౌకరీ ఖాయం చేస్తామన్నారు. ఏప్రిల్‌లో, ఒక శుక్రవారంతో ఆ గడువు తీరుతుంది.

ఆ నెలలోనే మిలిటరీ వేలంలో కొన్న గ్యాస్ సిలిండర్ వచ్చింది. దాన్ని రేకుల షెడ్డులో పెట్టారు. దాని మీది రాతలు చెరిగిపోయాయి. లోపల ప్రొపేన్, బ్యూటేన్ ద్రవంగా కలిసి ఉన్నాయని తెలుసు. ఏది ఎంతో తెలియదు. తెలిసేదాకా బర్నర్లకు కలపవద్దని ప్రిన్సిపాల్ ఆర్డరు.

లెక్చరర్ రాజేశ్వర్ రావు దగ్గర ఒక పట్టిక ఉంది. వేడి వంద ఫారన్‌హీట్ డిగ్రీలున్నప్పుడు ఒక్క ప్రొపేనే ఉంటే సిలిండర్ మీది ఒత్తిడి మీటరు ముల్లు నూట డెబ్బై అయిదు పౌన్ల దగ్గర నిలుస్తుంది. ఒక్క బ్యూటేనే అయితే ముప్పై ఏడు దగ్గర. రెండూ కలిస్తే నడుమ ఎక్కడో.

"రోజు రెండు గంటలకు ముల్లు చూసి రాయి. గోడ మీది థర్మామీటర్ సుత రాయి. పాళ్లు నేను కడ్త," అన్నాడు వెంకట్రాజంతో.

గడువు చివరి వారం సోమవారం ముల్లు నూట ఆరు. సగం సగం అన్నాడు రాజేశ్వర్ రావు. మంగళవారం డెబ్బై అయిదు. గోడ మీద అవే వంద డిగ్రీలు. లెక్కలో ప్రొపేన్ పావుకు దిగింది. సిలిండర్ మూత ఎవరూ తీయలేదు.

"నిన్న సగం, ఇయ్యాల పావు. ఎవడు తాగిండయ్యా?"

"నేనైతె తాగలె సారు."

బుధవారమూ డెబ్బై అయిదే.

"నీకు అంకెలు కనబడ్తలెవ్వు. శుక్రవారం నీ గురించి ఏమని రాయాలె?"

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా వెంకట్రాజం అదే లెక్క వేసుకున్నాడు.

"ఆ సిలిండర్‌ను చూసినంత సేపు నన్నెన్నడన్న చూసినవా?" అంది భార్య అనసూర్య.

గురువారం రెండు గంటలకు రాజేశ్వర్ రావే వచ్చాడు. సిలిండర్‌కు తడి గోనెసంచి చుట్టి ఉంది. నీళ్లు కారుతున్నాయి.

"ఇదేంది?"

"రేకుల కింద కాలిపోతాంది సారు. ఎండకాలం మేము పడుగు మీద తడిబట్ట కప్పుతం. లేకుంటె పోగులు తెగుతయి. మంగళారం సంది దీనికి గూడ కప్పిన."

రాజేశ్వర్ రావు థర్మామీటర్‌ను గోనె కిందికి దూర్చి కొంతసేపు ఆగాడు. ఎనభై. పట్టికలో ఎనభై డిగ్రీల వరస వెతికి, ముల్లు చూపే అదే డెబ్బై అయిదుతో లెక్క కట్టాడు. మళ్లీ సగం సగమే వచ్చింది.

"ముల్లు సరిగ్గనే చూసినవ్. గోడ వేడి కాదు, దీని వేడి రాయాల్సింది. నేను చెప్పలె."

"గోనె కప్పితె లోపలిది మారిందా సారు?"

"మారలె. గ్యాసు చల్లబడి తోసుడు తగ్గింది."

కాగితం మీద రెండు లైన్లు రాశాడు. ఒకటి గ్యాసు పాళ్ల గురించి. రెండోది వెంకట్రాజంను ఖాయం చేయమని. ఏమి రాశాడో అతడికి చెప్పాడు.

"ఇగ బర్నర్లు ముట్టియ్యొచ్చు. అయితే వాడినకొద్ది ప్రొపేన్ ముందు పోతది. వారం పోతె సగం సగం ఉండది."

"మరి ఈ కాయితం?"

"ఇయ్యాల్టికి నిజమే."

"నా నౌకరీ సుత ఇయ్యాల్టికేనా?"

రాజేశ్వర్ రావు నవ్వి, ప్రిన్సిపాల్‌కు ఇచ్చి రమ్మన్నాడు. వెంకట్రాజం వరండాలో ఆగి కాగితం విప్పాడు. ఇంగ్లీషులో ఉంది. ఏ లైను గ్యాసుదో, ఏది తనదో తెలియలేదు. రెండింటినీ ఒక్కతీరుగా జాగ్రత్తగా పట్టుకుని నడిచాడు.