ఆకుపచ్చ పైపులో మిగిలిన నీళ్లు

పోయినవి లెక్క వేస్తే ఇవి. ఒక తెల్ల వ్యాను, అందులో మా బామ్మర్ది తన చేతులతో బిగించిన రెండు మంచాలు, ఒక చిన్న వంట గట్టు, నూట యాభై లీటర్ల నీళ్ల ట్యాంకు. ముందుగా కుదిరిన నాలుగు బుకింగులు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఏడేళ్ల పాప సెలవుల్లో రెండు రోజులు. లారీ స్టీరింగు వదిలేసి రాత్రిపూట సొంత ఇంట్లో పడుకోవాలన్న మా బామ్మర్ది కోరిక. ప్రొద్దుటూరులో మా వీధివాళ్లు "లెక్కంటే ఆయన్నడగండి" అని నా గురించి అనే మాట కూడా పోతుందనుకున్నాను. అది పోలేదు. పోయుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇన్ని పోవడానికి కారణం నేను కొన్న ఒక పైపు. సరిగ్గా చెప్పాలంటే, ఆ పైపులోంచి నేను పారబోయనివ్వని ఎనిమిదిన్నర లీటర్ల నీళ్లు.

నేను చదివి లెక్కలు నేర్చుకున్నవాణ్ణి కాను. ఇంటర్ తప్పి, గుడ్డల అంగడిలో చిట్టా రాస్తూ నేర్చుకున్నాను. ఇప్పుడు నాలుగు అంగళ్లకు లెక్కలు చూస్తాను. మా ఆవిడ తమ్ముడు లారీ డ్రైవరు. ముద్దనూరు నుంచి సరుకెత్తుకుని మద్రాసనీ బొంబాయనీ తిరిగేవాడు. జమ్మలమడుగు మీదుగా పోయినప్పుడల్లా గండికోటలో డేరాలు వేసుకుని పడుకునే టూరిస్టులను చూసేవాడు. ఆ గాలికి డేరాలు ఎగిరిపోతుంటే వాళ్లు రాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లట. మంచం, పొయ్యి, నీళ్లు ఉన్న బండి ఒకటుంటే అక్కడే నిలబెట్టి అద్దెకివ్వచ్చు అని వాడికి తోచింది. లారీలో తన వాటా అమ్మి ఐదు లక్షలు తెచ్చాడు. నేను రెండు లక్షలు పెట్టాను. ఈ బండి నిలబడితే వాడు ఇంటిపట్టున ఉంటాడు, నిలబడకపోతే మళ్లీ లారీ ఎక్కాలి. ఇది మా అందరికీ తెలుసు. సామాన్ల కొనుగోలు, లెక్క నావి. మిగతా పనంతా వాడిది.

వాడు చెప్పింది రెండు పైపులు తెమ్మని. ఒకటి తాగే నీళ్లకు, ఒకటి బండినీ, వాడిన నీళ్లు చేరే మురికి ట్యాంకునూ కడిగేదానికి. మా ఊళ్లో ఆకుపచ్చ తోట పైపు తూకానికి అమ్ముతారు. తాగే నీళ్లకని వచ్చే తెల్ల పైపు మీటరు లెక్కన అమ్ముతారు. తూకానికి అమ్మే సరుకు దగ్గర నాకు బుద్ధి బాగా పనిచేస్తుంది. పైపు గోడ పలుచనైతే కిలోకు ఎక్కువ మీటర్లు వస్తాయి. వేళ్లతో నొక్కి చూసి, ఉన్నవాటిలో పలుచనిది తీసి పక్కన పెట్టాను.

"తోటకా మామా?" అన్నాడు అంగడాయన.

"కాదప్పా, బండికి. ట్యాంకు నింపాల."

"తాగే నీళ్లా?"

"ఆ."

"అయితే తెల్లది తీసుకో. ఈ పచ్చది ఎండకు కంపు కొడతాది. చెట్లయితే నోరెత్తవు గానీ, మనుషులు ఊరుకోరు."

"మీటరుకు ఎంత తేడా వస్తాదో తెలుసునా నీకు?"

"నాకు తెల్దు. నీకు తెలుసు గదా. లెక్క తెలిసినోనికి చెప్పి గెలిచినోడు లేడు" అని ఆయనే తక్కెడ ముందుకు జరిపాడు. ముప్పై మీటర్లు ఆరు కిలోలు తూగింది. ఎనిమిది వందల నలభై. తెల్లదైతే రెండు వేల ఏడు వందలు. రెండు పైపులెందుకు, ఒకటే చాలు, ముందు నీళ్లు పట్టుకుని తర్వాత దానితోనే బండి కడుక్కోవచ్చు అని కూడా తేల్చాను. ఇంటికి వచ్చి మిగిలిన డబ్బు చెబితే మా బామ్మర్ది, "నువ్వు తెచ్చినావంటే ఇంగ చూసేదేముండాది బావా" అన్నాడు. ఆ రోజు ఆ మాటకు సంతోషించాను.

బండి తయారయ్యాక, ఎలా ఉందో చూద్దామని పులివెందుల దగ్గర వాడికి తెలిసినవాళ్ల చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, పోయాము. మా ఆవిడ కూడా వచ్చింది. తోటవాళ్లు బోరు మోటారు వేశారు. ట్యాంకు నిండింది, పొయ్యి వెలిగింది, మంచం కిర్రుమనలేదు. సాయంత్రం బయలుదేరేముందు వాడు పైపు ఒక కొన భుజం మీదికెత్తుకుని నడవబోయాడు.

"ఆగప్పా, ఏం చేస్తాండావు?"

"నీళ్లు దిగబోస్తాండా బావా. పైపు చుట్టాల గదా."

"ఎన్ని నీళ్లు పోతాయో తెలుసునా? ముప్పై మీటర్లు, లోపల ముక్కాలంగుళం వెడల్పు. ఎనిమిదిన్నర లీటర్లు."

"పోతే పోనీ. బోరు నీళ్లే గదా."

"పోనీ అంటే ఎట్లా? మళ్లా నింపేటప్పుడు అవే ముందు ట్యాంకులోకి పోతాయి. ఊరికే పారబోస్తావా?"

మా ఆవిడ బండి మెట్టు మీద కూర్చుని చీనీకాయ ఒలుస్తోంది. "మీ బావ గుటక మింగేదానికి గూడా లెక్క రాస్తాడు లేరా. చెప్పినట్ల చెయ్యి, లేకుంటే పొద్దుమునిగేదాకా లెక్క చెప్తాడు" అంది. ముగ్గురమూ నవ్వాము.

నేను వల్లూరు పక్క పల్లెలో పెరిగాను. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్లు కుడితికి పోసేది. గిన్నెలు కడిగిన నీళ్లు బెండ చెట్లకు పోయేవి. పండగ రోజు కాళ్లు కడుక్కోవడానికి ఒక చెంబుకు మించి పోసుకుంటే నాన్న చేయి లేచేది. నీళ్లు నేల మీద పోస్తే తప్పని నాకు ఎవరూ విడిగా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఆ పెంపకాన్ని నేను తప్పు పట్టడం లేదు. బెండ చెట్టుకు పోయాల్సిన నీళ్లకూ మనిషి తాగే నీళ్లకూ తేడా మా అమ్మకు తెలుసు. తాగే కడవను ఆమె ప్రతి పొద్దూ బోర్లించి తోమేది. నేను అందులో పొదుపు ఒక్కటే నేర్చుకున్నాను.

పైపును నీళ్లతోనే చుట్టించాను. రెండు మూతులూ ఒకదాంట్లో ఒకటి బిగించాను. తేలు దూరదు, చుక్క కారదు అని వాడికి చూపించాను కూడా. చుట్టను బండి వెనక కొక్కేనికి తగిలించాము. బండి నవంబరంతా మా ఇంటి ముందు ఖాళీ స్థలంలో నిలబడింది. మా ఊళ్లో ఆ నెల ఎండ కూడా ఎండే. పొద్దున తగిలితే సాయంత్రం దాకా ఆ చుట్ట మీదే ఉండేది. ఒకసారి బిగింపు దగ్గర తడి కనిపిస్తే ఇంకొంచెం గట్టిగా తిప్పి వచ్చాను.

డిసెంబరులో మొదటి బుకింగు వచ్చింది. భార్య, భర్త, పాప. రెండు రాత్రులు గండికోట, ఒక రాత్రి పులివెందుల తోటలో. మా బామ్మర్ది ఆ పైపుతో ట్యాంకు నింపుకుని, కొత్త చొక్కా వేసుకుని పోయాడు. మర్నాడు మధ్యాహ్నం ఫోను చేశాడు.

"బావా, పాపకు వాంతులు. జమ్మలమడుగు ఆసుపత్రిలో ఉండాము. నువ్వు రాగలవా?"

బస్సులో పోయాను. వరండాలో పాప తండ్రి నిలబడి ఉన్నాడు, ఎదురుగా మా వాడు. పాపకు సెలైను ఎక్కుతోంది, భయం లేదన్నారు, కానీ అప్పటికింకా కళ్లు తెరవలేదు. పెద్దవాళ్లు తెచ్చుకున్న సీసాల నీళ్లు తాగారట. పాప మాత్రం బండి కొళాయి తిప్పుకోవడం సరదాగా ఉందని అదే తాగిందట.

"తాగచ్చని మీరే చెప్పారు కదండీ" అంటున్నాడు తండ్రి. గొంతు పెద్దది చేయలేదు. చేసుంటే బాగుండేది. "అడిగాను కదా మిమ్మల్ని. అడిగే తాగించాను."

"నాదే తప్పు సార్. పైపు కడగలే."

"కడగకుండా ఎలా నింపారు?"

"తప్పే సార్."

నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు తిరిగి, "మీరెవరు?" అన్నాడు.

"ఈయన బంధువును" అన్నాను. అంతే అన్నాను. మా బామ్మర్ది నా వైపు చూడలేదు.

తర్వాత బయటికి వచ్చి బండి వెనక పైపు బిగింపు విప్పాను. నింపాక వాడు నేను నేర్పినట్టే మళ్లీ నీళ్లతో చుట్టి, మూతులు కలిపి పెట్టాడు. నేల మీద పడ్డ నీళ్లలో పచ్చటి పొరలు ఉన్నాయి. కాలిన రబ్బరు వాసన, దాని కింద కుంట వాసన. ఆ తండ్రి కూడా వచ్చి చూశాడు, ఫోనుతో ఫొటో తీసుకున్నాడు.

పాప కోలుకుంది. రెండు రోజులకు ఇంటికి పోయారు. మా వాడు అద్దె పద్దెనిమిది వేలూ తిరిగి ఇచ్చాడు, ఆసుపత్రికి ఏడు వేల నాలుగు వందలు కట్టాడు. నేను జేబులో చేయి పెడితే, "ఈడ వద్దు బావా, సార్ చూస్తాండాడు" అన్నాడు. ఆ తండ్రి ఫొటోతో పాటు జరిగింది జరిగినట్టు ఇంటర్నెట్టులో రాశాడు. అబద్ధం ఒక్కటీ లేదు. వారంలోపల నాలుగు బుకింగులూ రద్దయ్యాయి. సీజను అయిపోయేదాకా ఫోను మోగలేదు.

ఆ తర్వాత నేను తెల్ల పైపు తెచ్చాను. పదిహేను మీటర్లవి రెండు, కలుపుకునేలా. బండి కడగడానికి వేరే రంగుది ఇంకొకటి. వాడగానే ఒక కొన ఎత్తి పట్టుకుని నీళ్లు పూర్తిగా దింపాలి, నీడలో వేలాడదీసి ఆరబెట్టాలి, ఆరాకే మూతులు బిగించి గుడ్డ సంచిలో పెట్టి, ఎండ తగలని అరలో దాచాలి. మళ్లీ వాడేటప్పుడు మొదటి నీళ్లు ధారాళంగా బయటికి పోనివ్వాలి. ఇవన్నీ నేర్చుకుని చేసి చూపించాను. మా బామ్మర్ది అన్నీ విన్నాడు. చూడ్డానికి ఇంక ఎవరూ రాలేదు.

ఎండాకాలం మొదట్లో బండి నాలుగు లక్షల తొంభై వేలకు అమ్ముడుపోయింది. ఆ సాయంత్రమే వాడు ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టాడు.

"నీ దుడ్లు బావా. రెండు లక్షలు."

"ఇంత యాడిది? ఏడు లక్షల మీద రెండు లక్షల పది వేలు నష్టం. నా వాటాకు లక్షా నలభై వేలే రావాల."

"మా అక్క ఇంటి దుడ్లు తగ్గించి ఇస్తే, రేపు ఆమె అన్నం పెడితే ఎట్ల తినేది?"

"పైపు తెచ్చింది నేను గదప్పా."

"తెచ్చింది నువ్వే. నింపింది నేను." కవరు ఇంకొంచెం నా వైపు జరిపాడు. "వాసన రాలేదనుకుంటాండావా నాకు? వచ్చింది. కొళాయి తిప్పినప్పుడే వచ్చింది. బావ పెట్టిన నీళ్లు గదా, దానికి ఏదో లెక్క ఉంటాదిలే అనుకున్యా."

కోపంగా అనలేదు. జరిగిన విషయం చెప్పినట్టు చెప్పాడు. లోపలినుంచి మా ఆవిడ వచ్చి, వాడి ముందు మజ్జిగ గ్లాసు పెట్టి, నా ముఖం చూడకుండా పోయింది. వాడు తాగి లేచాడు. తర్వాతి వారం లారీ ఎక్కాడు, ఈసారి జీతానికి. వాటా అమ్మేశాడు కదా.

నేను రెండు రకాలుగా లెక్క వేసుకున్నాను. వాటా ప్రకారమైతే వాడికి నేను అరవై వేలు తిరిగి ఇవ్వాలి, దాంతో తీరిపోతుంది. కాగితం మీద అది సరైన లెక్కే. ఎవరైనా అంగడివాళ్లు నన్నడిగితే అదే చెబుతాను. కానీ తన ముక్కు చెప్పింది వదిలేసి నా మాట నమ్మినవాడితో వాటా లెక్క ఏమిటి? అందుకని నష్టమంతా నా పేరున రాసుకున్నాను. బండి మీద రెండు లక్షల పది వేలు, తిరిగి ఇచ్చిన అద్దె, ఆసుపత్రి ఖర్చు, అన్నీ కలిపి రెండు లక్షల ముప్పై ఐదు వేల నాలుగు వందలు.

ఇవ్వబోతే తీసుకోడు. వాడు ఊళ్లో లేనప్పుడు వాళ్ల కూతురి కాలేజీకి పోయి ముప్పై ఒక్క వేలు ఫీజు కట్టి వచ్చాను. తెలిసి, లారీ ఎక్కడో ఆపి ఫోను చేశాడు.

"ఏంది బావా, నాకు చెప్పకుండా ఫీజు కట్టినావంట?"

"మేనకోడలు గదప్పా."

"మేనకోడలైతే పండక్కి గుడ్డలు పెట్టు. ఫీజు కడతారా ఎవరన్నా? మళ్లా ఏమన్నా లెక్క పెట్టుకున్యావా?"

నేను ముందున్న లెక్కల పుస్తకం మూశాను.

"వడ్డీ ఎంత వేసినావ్?" అని నవ్వాడు. వెనక లారీలు పోతున్న చప్పుడు వినిపించింది. ఎక్కడున్నావని అడిగితే, సోలాపూరు దాటినాను, ఈ రాత్రి ఇక్కడే బండిలో పడుకుంటా అన్నాడు.

వడ్డీ వేయలేదు. వేస్తే వాడికి ఇంకా నవ్వొస్తుంది. ఫీజు తీసేస్తే ఈ రోజుకు నేను వాడికి ఇవ్వాల్సింది రెండు లక్షల నాలుగు వేల నాలుగు వందలు.