అక్క ఎత్తు బంగారం

మా అక్క ఒకటిన్నర రొట్టె తినేది. నేను మూడు తినేదాన్ని, పైన అన్నం కూడా. అయినా మా ఇంటికొచ్చిన వాళ్లంతా తొంగి చూసేది అక్క కంచంలోకే. నేను పుట్టుకతోనే కట్టెపుల్లను. అమ్మ నా రొట్టె మీద నెయ్యి వేస్తూ అక్క వైపు తిరిగి, నువ్వు జర నోరు కట్టుకో బిడ్డా అనేది. కట్టుకోవడానికి ఆ నోట్లో ఏముంది గనక? జొన్నరొట్టె, పచ్చిపులుసు. నాకు ఒంటికి పట్టనిది దానికి పట్టింది, అంతే. ఈ చిన్న సంగతి లోకం చెవికెక్కేలోపు మా అక్కే పోయింది. పోయాకైనా ఎక్కిందా అంటే నాకు నమ్మకం లేదు.

మాది నవాబుపేట దగ్గర ఒక పల్లె. గొర్లు కాసే ఇల్లు. మా నాయన గొర్రెను కళ్లతో చూసి ఏదీ చెప్పడు. ఉన్ని కింద ఏముందో కంటికేం తెలుస్తుంది? దగ్గరికి లాక్కుని, వీపు మీద చేయి వేసి, వేళ్లతో వెన్ను తడిమి చూస్తాడు. కండ ఉంటే మొహం వెలిగిపోతుంది. ఎముకలు చేతికి తగిలితే, ఎత్తినప్పుడు అల్కగా తేలిపోతే, ఆ గొర్రెను మందలోంచి వేరుచేసి మందు తాగిస్తాడు. మేత మేస్తూ కూడా చిక్కిపోతుందంటే లోపల దాన్నేదో తింటున్నదని ఆయన లెక్క. ఆ మాట మేము పుట్టినప్పటి నుంచి వింటున్నదే. కండపట్టిన గొర్రెకు మా ఇంట్లో ఉన్న మర్యాద కండపట్టిన ఆడపిల్లకు లేదని నేను చాలాసార్లు మొహం మీదే అన్నాను. నాయన నవ్వి ఊరుకునేవాడు.

అక్కను తాండూరు ఇచ్చారు. బావ బండల పాలిష్ యూనిట్లో పని. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల దాకా తెల్లటి దుమ్ముతో ఉండేవాడు. మంచి మనిషి. పెండ్లాన్ని కొంచెం తక్కువ తినమను అని ఎవరో వీధి పెద్దమనిషి సలహా ఇస్తే, పొద్దంతా బండలు మోసేది నేను, నాకు లేని బరువు నీకెందుకు అని తిప్పి పంపాడట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు అక్క మొహం చూడాలి.

నేను వికారాబాద్‌లో బడిపంతులమ్మను. ఆదివారం వస్తే రైలెక్కి తాండూరు పోయేదాన్ని. అక్క కందిపప్పు మిల్లులో పనికి పోయేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే పని. ఇంటికొచ్చి నీళ్లు మోసి, వండి, అందరికీ పెట్టి, మిగిలింది తినేది. అలాంటి మనిషికి ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లు నడవమని చెప్పేవాళ్లు. ఉలవలు తిను, వేడినీళ్లు తాగు, అన్నం మానెయ్, మనసు గట్టిగుండాలె, అంతా మన చేతులనే ఉంటది. ఎద్దు పుండు కాకికి ముద్దా? షేర్ ఆటో వస్తే అందరూ ఎక్కాక అక్క మొహం చూసి డ్రైవరు నసిగేవాడు. వాడు నోరు తెరవకముందే అక్క, మీరు పోర్రి, నేను వెనక ఆటోల వస్త అని తప్పుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆస్పత్రి సంగతి ఇంకా అన్యాయం. మోకాళ్ల నొప్పికి పోతే బరువు తగ్గమన్నారు. సరే. జ్వరానికి పోయినా బరువే. చివరికి పన్ను నొప్పికి పోతే కూడా ఆ మహానుభావుడు ముందు అక్కను పైనుంచి కిందికి చూశాడట. ఆ తర్వాత కడుపులో నొప్పి మొదలైనప్పుడు నేను ఎంత చెప్పినా కదల్లేదు.

"పోయి ఏం చేస్త చెల్లె? ఆయన చెప్పేది నాకు నోటికొస్తది" అంది.

ఇక బెల్లం సంగతి. రెండేళ్లకోసారి సమ్మక్క జాతర వస్తుంది. మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం, అంటే ఒంటి బరువంత, తల్లికిస్తారు. ఆ బెల్లాన్ని బెల్లం అనకూడదు, బంగారం అనాలి. మేడారం దాకా పోలేనివాళ్లు ఉన్న ఊళ్లోనే తూకం వేయించి తల్లి పేరు మీద పంచుతారు. జాతర ముందు తాండూరు బజారులో బెల్లం దుకాణాల ముందు పెద్ద కాంటాలు పెడతారు. జనం వరసలో నిలబడి ఒక్కొక్కరే ఎక్కి దిగుతారు. నాలుగు జాతరల కిందట అమ్మ మా ఇద్దరినీ అలాగే తీసుకుపోయింది. నేను ఎక్కాను, దిగాను. అక్క వంతు రాగానే దుకాణదారు లోపలికి తిరిగి, గోదాం తెరువుర్రి అని కేకేశాడు. వరస మొత్తం నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది మా అక్క. అది అక్క నేర్చుకున్న విద్య. తనే ముందు నవ్వేస్తే మిగతావాళ్ల నవ్వు అంతగా తగలదు మరి.

నాకా విద్య రాదు. నీ బెల్లం అమ్ముడుపోతే నీకేం నొప్పిరా అని మొదలుపెట్టి ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేను. అక్క నా చేయి పట్టి లాక్కొచ్చింది. కాంటా ఎక్కలేదు. దారిలో అమ్మ ఆగి, ఆకాశం వైపు దండం పెట్టి, తల్లీ, నా బిడ్డ సన్నగైతే దాని ఎత్తు బంగారం నీ పేరు మీద పంచుత అని మొక్కింది. అక్క అక్కడే ఉంది. కొంగు సర్దుకుని ముందుకు నడిచింది.

ఆ మొక్కు కిందటి ఏడాది తీరింది.

అక్క చిక్కడం మొదట మిల్లులో ఆడవాళ్లు చూశారు. తర్వాత వీధి. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఎదురింటావిడ సగం కన్నడంలో, సగం తెలుగులో మెచ్చుకుందట. ఇన్నేళ్లలో అక్కను పలకరించనివాళ్లు కూడా గడపలోకి వచ్చి, ఏం చేసినవో జర మాకు చెప్పరాదే అని కూర్చున్నారు. నేనేం చెయ్యలేదని అక్క నిజమే చెప్పింది. ఎవరూ నమ్మలేదు. గుట్టు దాస్తున్నదని మూతులు తిప్పారు. ఏమీ చెయ్యకుండా లావెక్కానంటే నమ్మని లోకం, ఏమీ చెయ్యకుండా తగ్గానంటే నమ్ముతుందా? చివరికి విసుగొచ్చి అక్క ఒక కథ అల్లింది. పొద్దున్నే ఉలవకట్టు తాగుతున్ననని, స్టేషన్ దాకా నడుస్తున్ననని. అందరూ తలలూపారు. ఎంత పట్టుదల, మనిషంటే అట్లుండాలె అన్నారు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఉలవలు నానబెట్టడం మొదలుపెట్టారు కూడా. ఇదంతా నాకు ఫోన్లో చెప్పి అక్క పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి ఆగిపోయింది.

ఒకరోజు బడి నుంచి వస్తుంటే ఫోన్ చేసింది. "చెల్లె, ఇయ్యాల ఆటోల నడుమ కూసున్న. అటిద్దరు, ఇటొకామె. ఎవ్వరూ ఏమనలేదు" అంది. ఇంకేమైనా విశేషమా అని అడిగాను. అదే విశేషమంది. కడుపు నొప్పి ఎట్లుందంటే మాట మార్చింది. కొంచెం ఆయాసమొస్తుందని, మిల్లులో కాసేపు కూర్చుంటున్నానని, అది కూడా సంతోషంగానే చెప్పింది.

జాతర రాగానే అమ్మ నాయనను వెంటబెట్టుకుని తాండూరులో దిగింది. అదే బజారు, అదే దుకాణం. ఆ రోజు అక్క కొత్త చీర కట్టింది. జాకెట్లన్నీ కుట్లు విప్పి బిగించుకుంది. ఎవరూ పిలవకముందే చెప్పులు విడిచి కాంటా ఎక్కి, చేతులు వదిలేసి, తల ఎత్తి నిలబడింది. దుకాణదారుకు పాత సంగతి గుర్తున్నట్టు లేదు. ఏమ్మా, ఇంత కొంచమేనా అన్నాడు. వరసలో వాళ్లు సంతోషపడ్డారు. అమ్మ ఏడ్చేసింది. అక్క నా వైపు చూసి నవ్వింది. ఈసారి నవ్వడానికి తొందరేమీ పడలేదు. నేను కూడా మురిసిపోయాను, ఎందుకు అబద్ధమాడాలి? అట్లా నిలబడాలని అది ఎన్నేళ్లు ఎదురుచూసిందో నాకు తెలుసు.

అది కాంటా దిగేటప్పుడు తూలింది. పక్కనే ఉన్న నాయన దాని వీపు మీద చేయి వేసి పట్టుకున్నాడు. ఆ చేయి అక్కడే ఆగింది. వేళ్లు కొంచెం కదిలాయి. వెంటనే చేయి తీసేసుకున్నాడు.

"మంచిగ తింటున్నవా బిడ్డా?" అని అడిగాడు.

"తింటున్న నాయినా, మునుపటికన్న ఎక్కువనే తింటున్న" అంది అక్క.

ఆ సాయంత్రం బెల్లం పంచుతుంటే ఆయన అమ్మను పక్కకు పిలిచి, పిల్లను ఒకసారి పట్నం దవాఖానలో చూపిద్దామన్నాడు. మొక్కు తీరిన రోజు నీ నోట మంచి మాట రాదా అని అమ్మ విరుచుకుపడింది. నలుగురూ చూశారు. నాయన బెల్లం తట్ట ఎత్తుకుని పంచడానికి పోయాడు. వీధి మొత్తం బెల్లం తిన్నది. నేనూ తిన్నాను.

రెండు నెలలు తిరక్కముందే అక్క మిల్లులో పడిపోయింది. బావ, నేను హైదరాబాద్ తీసుకుపోయాం. కడుపులో గడ్డ. క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకిందన్నారు. కోసి తీసే స్థితి దాటిపోయిందట. ఆ డాక్టరు చిన్న వయసు మనిషి, నెమ్మదిగానే మాట్లాడాడు. ఇంత బరువు ఊరికే తగ్గిపోతుంటే మీరెవరూ గమనించలేదా అని అడిగాడు. ఏం చెప్పను? ఊరంతా గమనించింది. చప్పట్లు కొట్టింది, గుట్టు చెప్పమని గడపలో కూర్చుంది. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సాయంత్రానికి వచ్చిన అమ్మానాయనలకు వరండాలోనే చెప్పాను. అమ్మ నేల మీద కూలబడింది. నాయన చాలాసేపు తన చేతుల వైపే చూసుకున్నాడు.

"గొర్రె చిక్కితే మందు తాపుత. బిడ్డ చిక్కితే బెల్లం పంచిన" అన్నాడు. ఎవరితోనో కాదు, ఊరికే.

మందులు వాడాం, సూదులు వేయించాం. కొన్ని వారాలు నిలబడింది. ఆ తర్వాత ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తాండూరు ఇంట్లో అక్కను కిటికీ పక్కన పడుకోబెట్టాం. ఒక మధ్యాహ్నం నేను గంజి కాచి తెచ్చేసరికి అమ్మ దేవుడి గూటి ముందు కూర్చుని ఉంది. మొక్కునాడు దాచిన బెల్లం ముక్కను దోసిట్లో పట్టుకుని, పైకే అంటున్నది. "తల్లీ, నాకు సన్నటి బిడ్డ వద్దు. నేను తెలువక అడిగిన. నా బిడ్డ బరువు నాకు మళ్లియ్యి. దాని మునుపటెత్తు బంగారం ఇస్త, రెండింతలు ఇస్త."

అక్క కళ్లు మూసుకునే ఉంది, నిద్రపోయిందనుకున్నాం.

"అంత బెల్లం తాండూర్ల దొరకదమ్మా" అంది.

గంజి గిన్నె కింద పెట్టి వంటింట్లోకి పోయాను. అక్క ముందర ఎవరూ ఏడవకూడదని ఇంట్లో నేను పెట్టిన నియమం. దాన్ని నిలబెట్టుకున్నది నేనొక్కదాన్నే అనుకుంటా.

అక్క వానలకు ముందే పోయింది. ఇంటి ముందు టెంటు వేశారు. ఆడవాళ్లు వచ్చారు, ఏడ్చారు, కొందరు నిజంగానే ఏడ్చారు. అక్కను చాప మీద పడుకోబెట్టిన చోటికి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఒకామె ఇంకొకామెతో అంటున్నది. ఉలవకట్టు తాగి తాగి కడుపు కాల్చుకున్నదట. అంత మొండితనం ఎందుకు, ఉన్నంతల ఉంటే కాదా, ఎవరు సన్నగవమన్నరు? అవతలామె నిట్టూర్చి, అంతా మన చేతులనే ఉంటది అంది. లేచి వాళ్ల మీదికి పోయాను. ఉలవకట్టూ లేదు, నడకా లేదు, మీ నస పడలేక మా అక్క చెప్పిన కథ అది అని అరిచాను. ఎవరో వచ్చి నన్ను పట్టుకున్నారు, దుఃఖంలో ఉన్నది పాపం అన్నారు. ఆ ఇద్దరూ జాలిగా నా వైపు చూశారు. నమ్మలేదు. బతికున్నప్పుడు లావు దాని తప్పు, చచ్చాక చావు కూడా దాని తప్పే.

పాడె ఎత్తే వేళకు నాయన ముందుకొచ్చాడు. ఒక కొమ్ము తనకిమ్మన్నాడు. బావ తరఫు వాళ్లు వద్దన్నారు, నీతోని కాదు పెద్దమనిషీ, వయసైంది, మొయ్యలేవన్నారు. ఆయన వినిపించుకోలేదు. రుమాలు తీసి భుజం మీద మడతపెట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, పెద్ద బరువు ఎత్తబోయే మనిషిలా ఊపిరి పీల్చుకున్నాడు. నలుగురూ ఒక్కసారి లేపారు. నాయన అడుగు వేయలేదు. మిగతా ముగ్గురూ ఆగిపోయారు. మోయలేకపోతున్నాడనుకుని ఒకాయన చేయి సాచాడు.

నాయన వెనక్కి తిరిగి అమ్మను చూశాడు.

"ఇంత అల్కగున్నదేందే నా బిడ్డ" అన్నాడు.

వాకిట్లో వీధి వీధంతా ఉంది. మా అక్క బరువు మాట వచ్చినా ఎవరూ నోరు తెరవకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.