చిలుకకు కన్ను దిద్దుతుంటే

మా మామ నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులు వేసేవారు. పక్షవాతంతో ఆయన కుడిచేయి పడిపోయింది. వేళ్లు కదలాలంటే కుంచె పట్టడమే మంచిదని ఫిజియోథెరపిస్టు చెప్పడంతో మళ్లీ బొమ్మలు ముందేసుకున్నారు. "మూతి వంకర పోయినా, మాట ఆగినా వెంటనే తీసుకురండి" అని డాక్టర్ హెచ్చరించి పంపారు.

ఆ మధ్యాహ్నం ఆయన కొయ్యచిలుకకు రంగు వేస్తుంటే, నేను పక్కన కూర్చుని పేపరు చదువుతున్నాను. తలెత్తి చూసేసరికి మామ మూతి ఎడమ పక్కకు లాక్కుపోయి ఉంది. రెప్ప వేయడం లేదు. "మామా!" అని రెండుసార్లు పిలిచినా పలకలేదు. ఊపిరి ఆడుతున్నట్టే లేదు. ఆటో పిలవమని అరుస్తూ భుజాలు పట్టి కుదిపేశాను. కుంచె జారి చిలుక ముఖమంతా నల్లగా అలుక్కుపోయింది.

"ఏందయ్యా గిది! కన్ను దిద్దేటోన్ని ఎవలన్న గుంజుతరా?" అని మామ కసిరారు.

లోపలి నుంచి ఉరికొచ్చిన అత్తమ్మకు నవ్వు ఆగలేదు. "కన్ను దిద్దేటప్పుడు ఆయన మూతి గట్లనే వంకర పోతది అల్లుడా. పెండ్లయిన కాన్నుంచి చూస్తున్న."

మామ మరక తుడిచి మళ్లీ మొదలుపెట్టారు. నేను పేపరు పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఆయన చేయి వణికింది గానీ కన్ను గుండ్రంగానే వచ్చింది. మూడు నెలలుగా ఆయన రోగానికే కాపలా కాసిన నేను, పనిలో మునిగిన మనిషిని ఆ రోజే చూశాను.