కంచె పట్టించిన దొంగ

రిటైరయ్యాక సూళగిరి దగ్గర మా మామిడితోటలోనే ఇల్లు కట్టుకున్నాం. ఈమధ్య అల్లుడు తోట కంచెకు సెన్సార్లు పెట్టించాడు. తీగ కదిలితే చాలు, నా ఫోన్ మోగుతుంది. రోజూ పొద్దున ఆరుంబావుకు మోగేది. కళ్ళద్దాలు వెతుక్కుని పోయేసరికి అక్కడ ఎవరూ ఉండరు. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు కదా, వరసగా పదకొండు రోజులు, మోగిన సమయం రాసి పెట్టాను. ఆ వేళకే మునియప్ప మేకలు తోలుకుని కంచె పక్కగా పోతాడు.

విసిగిపోయి, టీ కొట్టు దగ్గర నలుగురిలో అతన్ని నిలదీశాను.

"మీ కంచెను నేను ముట్టినోణ్ణి కాదప్పా," అన్నాడు.

డైరీ తెరిచి చదివి వినిపించాను. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. మరునాడు మేకల్ని లారీలు తిరిగే హైవే పక్కగా తోలుకుపోయాడు.

అయినా ఆరుంబావుకు ఫోన్ మోగింది. ఈసారి కళ్ళద్దాలు లేకుండానే పరుగెత్తాను. మా ఆవిడ కంచె తీగను కిందికి వంచి, దానికి పాకిన శంఖుపూలు కోస్తోంది.

"ఈడేం చేస్తాండావు?"

"పూజకు పూలు. దినామూ ఈడే కదా కోసేది. మీరు ఆ ఫోన్ వదిలి యాడ చూసినారు?"

ఆ సాయంత్రమే మునియప్పను అదే టీ కొట్టుకు పిలుచుకుపోయి, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు.

"దీన్ని గూడా రాసుకోండప్పా, టైమేసి," అన్నాడు.

రాశాను. పదకొండు రోజులు గడియారాన్ని అడిగినవాణ్ణి, ఇంట్లో మనిషిని ఒక్కసారి అడగలేదే అని ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.