పొగమంచులో పలికిన పేరు

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్ మొత్తం మీద కంప్యూటర్‌కు తెలుగు పేర్లు నేర్పినవాణ్ణి నేనొక్కణ్ణే. (సరే, మా కాంట్రాక్టరు ఆఫీసులో అనుకోండి. అక్కడున్న కంప్యూటరూ ఒక్కటే.) "హాజరు లిస్టు ఠీక్ వస్తే నౌకరీ పక్కా, లేకపోతే గావ్‌కి పో" అన్నాడు కాంట్రాక్టరు. శ్రీకాకుళం తిరిగి వెళ్లి నాన్నకు ఏ మొహం చూపించను? మేస్త్రీ ఇచ్చిన పేర్ల లిస్టులో ఒక్కో వరుసనూ, పెర్ల్ అనే ప్రోగ్రాం భాషలో, ఖాళీ ఉన్నచోటల్లా తెంపి మాటలుగా విడదీశాను. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు చివర కదా, అందుకని చివరి మాటనే పిలిచే పేరుగా తీసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. అయితే ఒకే ఇంటిపేరుతో ఇద్దరు అప్పన్నలున్నారట. గుర్తు కోసం మేస్త్రీ అందులో ఒకాయన పేరు తర్వాత ఆయన తండ్రి పేరు కూడా చేర్చాడు. నేను చూసుకోలేదు.

తెల్లవారుతుండగా గోవింద్‌పూర్ యార్డు గేటు దగ్గర పక్క మనిషి కనపడనంత పొగమంచు. గేటుమ్యాన్ మైకులో నా లిస్టు చదువుతూ చివరి పేరుకొచ్చాడు, పక్కనే కాంట్రాక్టరు.

"సూరయ్యా!"

ఎవరూ పలకలేదు. అప్పటిదాకా వినిపించిన దగ్గులు కూడా ఆగిపోయాయి. మళ్లీ పిలిచాడు. ఈసారి వరుసల వెనక నుంచి, తాపీగా, బొంగురుగా ఒక గొంతు:

"హాజిర్!"

"సబ్ ఆ గయే, అందరూ వచ్చేశారు. నీ నౌకరీ పక్కా" అని కాంట్రాక్టరు నా వీపు తట్టాడు. అంతలో అప్పన్న (తర్వాత నాకు పిల్లనిచ్చిన మావ) వరుస వదిలి నా దగ్గరికొచ్చాడు.

"మా అయ్యనేటి పిలిసినావు బాబూ? బట్టీ కాడ పోయి ఏడాది తిరగనేదు."

నేను ధైర్యంగా ఆ గొంతు వచ్చిన వైపు నడిచాను. (నడవలేదు. గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాను, వేళ్లు ఊడిరాలేదు.) తర్వాత తేలిందేమంటే, మావకు క్యారేజీ తెచ్చే కొడుక్కి తాత పేరే పెట్టారు, మా వైపు ఆనవాయితీ. తన పేరనుకుని వాడే పలికాడు. మంచులో బిగుసుకుపోయిన ఆ కుర్ర మేధావిని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇక్కడిదాకా చదివి మా ఆవిడ కాగితం పక్కన పెట్టింది.

"ఏటయ్యా, మా తమ్ముడు పలికాడని రాసేత్తన్నావు? ఆ దినం ఆడికి జొరం, మంచం దిగనేదు. క్యారేజీ నానే తెచ్చినాను. ఆ మాట నా ఎనకాతల నుంచే వచ్చింది. తిరిగి సూత్తే గోడ తప్ప ఏటీ నేదు."